రెండో చుక్క వేసే ముందు

"శుక్రవారం కూడా ఎవరూ నోరు విప్పకపోతే నా పని అయిపోయినట్టే, రాజు గారూ."

మధురవాడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో హిమబిందు ఈ మాట అనేటప్పటికి, అటెండరు సన్యాసిరాజు బ్యూరెట్లు కడుగుతున్నాడు. లెక్చరరుగా ఆమె చేరి ఏడాది కాలేదు. శుక్రవారం ప్రిన్సిపాల్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. పిల్లలు పాఠంలో పాలుపంచుకుంటేనే ఉద్యోగం ఖాయం. ఆమె క్లాసులోనేమో అరవై మందీ అరవై బొమ్మలు. ఇంటికెళితే మరో దిగులు. రెండున్నరేళ్ల కూతురు ఇంద్రజకు ఇంకా మాటలు సరిగా రావడం లేదు.

సన్యాసిరాజుది ఇరవై రెండేళ్ల సర్వీసు. పిల్లలకు ఆయన బాబాయ్. పరవాడ దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న గౌరీశ్వరి క్లాసులో మూగనోము పడుతుంది గానీ, ల్యాబులో ఆయనతో ఆపకుండా కబుర్లు చెబుతుంది.

"మీతో అంత మాట్లాడే పిల్ల నాతో ఎందుకు మాట్లాడదు?"

"నాను మార్కులెయ్యను గదా మేడమ్." నవ్వి, బ్యూరెట్‌ను స్టాండుకు బిగించాడు. "నానూ కాలేజీకెల్లినోన్నే. ఒకపాలి లేసి, 'నాను సెప్తానండి' అన్నాను. కిలాసంతా నవ్వీసింది. మరి నోరిప్పలేదు. రెండు నెలలకి మానీసాను."

హిమబిందు చేతిలోని రికార్డు పుస్తకం మూసి ఆయన వైపు తిరిగింది.

"ఇంకోటి సెప్తాను, కోప్పడకండి. గుమ్మం కాడ నిలబడి సూత్తంటాను. మీరు పెశ్న అడిగి, ఊపిరి తీసీలోగా జవాబు మీరే సెప్పీసుకుంతన్నారు. ఇక్కడ పిల్లలకి ఏటి సెప్తారు? సుక్క ఏసి, ఫ్లాస్కు తిప్పి, రంగు సూసి, అప్పుడు రెండో సుక్క ఎయ్యమంటారు. కిలాసులో మీరేటి, కుళాయి ఇప్పీసినట్టు?"

చుక్క ఎక్కువ వేశారని నిన్ననే నలుగురికి మార్కులు కోసింది ఆమె. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

శుక్రవారం వచ్చింది. "మీ ఇంటి నీళ్లు కఠిన జలమని ఏ పరీక్షా చేయకుండా ఎలా చెబుతారు? ఇంట్లో మాట్లాడినట్టే చెప్పండి," అని అడిగింది.

ఎవరూ కదల్లేదు. జవాబు నాలుక చివరకు వచ్చేసింది. పళ్లు బిగబట్టింది. ప్రిన్సిపాల్ వాచీ చూసుకున్నారు. తనకు తెలియకుండానే ఆమె మణికట్టు ఫ్లాస్కు తిప్పినట్టు తిరుగుతోంది.

మూడో బెంచీలో గౌరీశ్వరి లేచింది. "మా బోరు నీలల్లో పప్పు ఉడకదు మేడమ్. మాయమ్మ కుక్కరు సేత ఏడు కూతలు ఎయిస్తాది."

ఆమె వెనక కూర్చున్న బాబీ అనే కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

"నవ్వావు గదా, ఎందుకు ఉడకదో నువ్వే చెప్పు," అంది హిమబిందు. మళ్లీ ఆగింది.

"కాల్షియం మేడమ్... పప్పుని గట్టిపరిసేత్తాది."

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. సబ్బు నురగ రాదని ఒకరు, బకెట్టుకు తెల్లగా పేరుకుంటుందని ఒకరు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. చివరికి ప్రిన్సిపాలే చెయ్యెత్తారు. "మా గీజరు ఏడాదికోటి పోతంది. ఏటి సెయ్యాల?"

ఇంగ్లీషు తప్ప ఆయన నోట మరో మాట వినని క్లాసు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత అరవై గొంతులతో జవాబు చెప్పింది.

హిమబిందు ల్యాబుకు పరుగెత్తింది.

"రంగు మారిందేటి?" అన్నాడు సన్యాసిరాజు, తల ఎత్తకుండానే.

"మారింది రాజు గారూ. ఇంట్లో మా పాపకు కూడా నేనిలాగే చేస్తున్నాను. ఇదేంటి అని అడిగి, కాకి అని నేనే చెప్పేస్తాను."

ఆ సాయంత్రం నుంచి బాల్కనీలో కాకి వాలినప్పుడల్లా ఆమె ఇంద్రజను ఒక్కసారే అడుగుతోంది. తర్వాత, ఆ రోజు ల్యాబు నుంచి బయల్దేరుతుంటే ఆయన చెప్పినట్టే ఆగి చూస్తోంది: "ఒక్క సుక్క ఎయ్యండి మేడమ్. తిప్పండి. సూడండి. రెండోది మీ సేతిలోనే ఉంటాది, ఎక్కడికీ పోదు."