ఆరో కుర్చీ

నోట్లో మేకులు పెట్టుకుని పనిచేస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను మేకులమ్మ అంటారు. పాత కుర్చీలకూ సోఫాలకూ కొత్త గుడ్డ తొడగడం ఆమె పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్ళైన కొత్తలో కుంగిపోయిన కుర్చీ ఒకటి విప్పి, ఏది దేనిమీద ఉందో చూసి మళ్ళీ బిగించింది. వంకర పోయిన ప్రతిసారీ విప్పేది. ఈనాటికీ అంతే, కంటికి కనపడని అడుగువైపు కూడా మడత తిన్నగా రావాల్సిందే.

ఆమె భర్త లారీ డ్రైవరు. బావగారిది పెద్ద ఉద్యోగం. బావగారి భార్య కొత్తింట్లో భోజనాల బల్ల చుట్టూ ఉన్న ఆరు కుర్చీలు చూపించి, "ఇంటిమనిషివి నువ్వుండగా బయటివాళ్ళకి డబ్బు పొయ్యడమెందుకే?" అంది. ఆ ఇంట్లో పని పడ్డప్పుడే తను ఇంటిమనిషి అవుతుందని మేకులమ్మకు తెలుసు. అయినా సరేనంది.

ఐదు కుర్చీలు పూర్తయ్యాయి. ఆరోదాని పాత గుడ్డ పీకేసి మేకులు నోట్లో పెట్టుకునేసరికి బావగారి ఆఫీసువాళ్ళు అనుకున్నదానికంటే ముందే దిగారు. ఒకావిడ కుర్చీ నిమిరి, "ఎంత బాగా కుదిరిందండీ! ఈవిడెవరు?" అంది.

"పనావిడ," అంది తోడికోడలు, తడుముకోకుండా.

మేకులమ్మ నోట్లోని మేకులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. కుర్చీ ఎత్తుకుని వంటగదిలోకి నడిచింది. తోడికోడలు వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"ఏమనుకోకే. వాళ్ళు మీ బావగారి పైవాళ్ళు. ఏదో నోటికొచ్చేసింది."

"అనుకోవడమెందుకక్కా, తేల్చుకుందాం. పనావిడనైతే కూలి ఇవ్వు. తోడికోడలినైతే వాళ్ళ పక్కన కూర్చోబెట్టు. రెండూ ఎగ్గొడితే ఎలా?"

"మెల్లగా! నీ చీర చూసుకో, ఒళ్ళంతా పీచు. ఇవాళ్టికి వెళ్ళి రేపు రాకూడదూ?"

"సగంలో వదిలేసి వెళ్ళే అలవాటు నాకు లేదు."

మళ్ళీ మేకులు నోట్లో పెట్టుకుంది. స్పాంజి సర్ది, గుడ్డ లాగి, మూలలు మడిచి బిగించింది. కోపం చేతిలోకి రానివ్వలేదు. దెబ్బ గట్టిగా పడితే చెక్క చీలుతుంది. అయ్యాక మొహం కడుక్కుంది, చీర దులుపుకుంది. కుర్చీ తీసుకెళ్ళి బల్ల దగ్గర వేసి, అందరి మధ్యా తానే కూర్చుంది.

ఇందాకటావిడ ఆశ్చర్యంగా చూసింది. తోడికోడలి మొహం కందగడ్డయింది.

"మా... మా మరిది భార్యండీ. ఇవన్నీ తన చేతిపనే."

"అయ్యో, ముందే చెప్పరేం?"

"అప్పటికి కూర్చోడానికి నాకు కుర్చీ లేదులెండి," అంది మేకులమ్మ. బావగారు తలొంచుకుని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక తోడికోడలు తలుపు వేసి, "ఇప్పుడు చల్లబడ్డావా తల్లీ?" అంది.

"పడ్డానక్కా. ఐదు కుర్చీలు నీ తోడికోడలు చేసింది, వాటి ఊసెత్తను. ఆరోది మాత్రం పనావిడ చేసింది. దాని కూలి ఇప్పించు."

తోడికోడలు నవ్వబోయింది. మేకులమ్మ చాపిన చెయ్యి అలాగే ఉంది. నవ్వు మానేసి ఆవిడ బీరువా దగ్గరికి నడిచింది.