ఖాళీ అన్న బందూకు

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. "వీడికి దోమ కుడితే ఏనుగు తొక్కిందంటాడు" అనేది మా అమ్మ. ఆ మాట విన్నప్పుడల్లా ఒక్క ఏనుగేనా అని నాకు చిన్నతనంగా ఉండేది. అందుకని కింద రాసినదాంట్లో మీసాల పొడవు, జనం లెక్క, గొంతుల జోరు మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. బందూకుల సంగతులు మాత్రం తగ్గించకండి. అందులో ఒక్క ముక్క నా కల్పన. అదేదో చివర నేనే చెబుతాను.

1974. చార్మినార్ దగ్గరి మొఘల్‌పురాలో సులేమాన్ భాయ్ బందూకుల దుకాణంలో నేను మిస్త్రీని. పాత జోడుగొట్టాల తుపాకులు విప్పడం, తోమడం, అరిగిన స్ప్రింగులు మార్చడం, మళ్లీ బిగించడం నా పని. దుకాణం ఎంత ఇరుకంటే, లోపల ఒకరికి తుమ్మొస్తే ఇద్దరు బయటికి రావాలి. పెరడు మాత్రం విశాలం. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లకు ఆదివారం పొద్దున అక్కడ క్లాసు జరిగేది. బ్యాంకు వాచ్‌మన్లు, బట్టల షావుకార్లు, ఊరవతల మామిడితోటలున్న ఆసాములు వచ్చేవారు. గురి నేర్పే క్లాసు కాదది. ఇంట్లో బందూకు పెట్టుకుని, ఎవరి ప్రాణం మీదికీ తేకుండా బతకడం నేర్పే క్లాసు.

చెప్పేది మీర్జా సాబ్. ఒకప్పుడు వేటగాడు. ఆయన మీసం ఒక్కో కొసన ఒక్కో పావురం వాలినా ఒంగేది కాదు. ఆయన "ఖబర్దార్" అంటే పక్క గల్లీలో మేకలు వరసలో నిలబడేవి. తోటమాలికి తెలుగులో, షావుకారుకు ఉర్దూలో, ఇద్దరికీ కలిపి హైదరాబాదీలో చెప్పేవారు. ఆయన పాఠమంతా మూడు మాటలు.

"ఒకటి, గొట్టం మొహం మనిషి దిక్కు తిప్పొద్దు. రెండు, పేల్చేదాంక ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. మూడు, నీ చేతికొచ్చిన బందూకును ఎవడు ఖాళీ అన్నా నమ్మొద్దు. తెరిచి నీ కండ్లతోని నువ్వు చూడు. చెవికి ధోకా అయితది బేటా, కంటికి గాదు."

నెల తిరిగేసరికి పరీక్ష. పరీక్ష పెట్టేది నేను. నేను సంతకం పెడితేనే బ్యాంకువాళ్లు వాచ్‌మన్ చేతికి బందూకిచ్చేవారు. అది కాక సులేమాన్ భాయ్ నాకు ఇంకో పని కూడా అంటగట్టాడు.

"మిస్త్రీ, ఉస్తాద్ నాకంటె పెద్దమనిషి. ఆయన చెప్పే సబక్ మంచిదా కాదా అని నేనెట్ల అడుగుతా? నువ్వు ఎనక కూసోని ఇను. డబ్బల మాల్ ఉన్నదా, ఉత్త డబ్బనేనా, నాకు చెప్పు."

కొన్ని నెలలు విన్నాను. మాల్ మేలిరకం. వేలు పెట్టి చూపడానికి తప్పు లేదు. పరీక్షలో అందరూ మూడు మాటలూ అప్పజెప్పేవారు, మీర్జా సాబ్ మధ్యలో దగ్గితే ఆ దగ్గుతో సహా. బ్రహ్మాండం అని చెప్పి నేను నిశ్చింతగా నిద్రపోయాను. ఒక శనివారం దాకా.

ఆ శనివారం ఒక బట్టల షావుకారు రిక్షా దిగాడు. ముందటి నెల క్లాసులో ఫస్టు వచ్చినవాడు. గవిసెన తొడిగిన బందూకును ఒళ్లో చంటిపిల్లలా పడుకోబెట్టుకుని, లాడ్ బజార్ రద్దీలోంచి, గాజులు బేరం చేస్తున్న ఆడవాళ్ల మధ్యలోంచి వచ్చాడు.

"కుందా, గీ ఎనక చెక్క, వదులైంది, మిస్త్రీ సాబ్. జర బిగించుర్రి. ఖాళీనే ఉంది, కసమ్‌సే."

జోడుగొట్టాల బందూకు మీద టాప్ లీవర్ అని ఒక చిన్న మీట ఉంటుంది. బొటనవేలితో పక్కకు నెడితే బందూకు నడుము దగ్గర విరిగినట్టు ముందుకు వాలుతుంది. గొట్టాల వెనక భాగం, అంటే తూటా కూర్చునే చాంబర్ బయటపడుతుంది. అలవాటు కొద్దీ నెట్టాను. కుడి చాంబర్లోంచి ఇత్తడి కన్నొకటి నావైపు చూసింది. అసలు తూటా.

"ఇదేంది, సేఠ్?"

"అరె!" అని అతను కూడా ఒంగి చూశాడు. "మా మామ ఖాళీ అని ఇచ్చిండు గదా."

"మీరు తెరిచి చూడలేదా?"

"మా మామ చేతుల మీదికెళ్లి వచ్చిన బందూకు, మిస్త్రీ సాబ్," అన్నాడు, అదే జవాబైనట్టు. తూటా ఊరికే రాదని దాన్ని జేబులో వేసుకుని, కుందా బిగించగానే వెళ్లిపోయాడు.

పరుగున సులేమాన్ భాయ్‌కి చెప్పాను. ఆయన గల్లాపెట్టె మీద నుంచి తల ఎత్తలేదు.

"తూటాలు ఎన్ని?"

"ఒకటి."

"నీ లెక్కల ఒకటి. అంటే అసల్ల ఏం లేదన్నట్టు."

ఇదీ నా బతుకు. జీవితంలో మొదటిసారి ఏమీ పెంచకుండా ఒక మాట చెబితే దాన్ని కూడా కోసేశారు.

ఇక ఆ రోజు నాకు కుదురు లేదు. ఒక మర మూడుసార్లు బిగించి, మూడుసార్లు ఊడదీశాను. పక్క దుకాణంలో గిన్నె పడితే ఎగిరిపడ్డాను. పాఠంలో తప్పు లేదు, అప్పజెప్పిన షావుకారుకు మతిమరుపు లేదు, మరి తూటా ఎక్కణ్నుంచి వచ్చింది? పైగా తెల్లవారితే పరీక్ష, ఆ పరీక్షకు వచ్చేది యాదగిరి.

యాదగిరిది ఛత్రినాక. పనిచేసే మిల్లు మూతపడింది. భార్య ఇంట్లో కూర్చుని లక్కగాజులకు అద్దాలు అంటించి లాడ్ బజార్‌కు వేసేది. ఇల్లంతా ఆ గాజుల మీదే నడుస్తోంది. వాళ్ల వాడకట్టులోని బ్యాంకులో వాచ్‌మన్ కొలువు ఖాళీ అయింది. నేను సంతకం పెడితే సోమవారం నుంచి అతనిది. పెట్టకపోతే, బ్యాంకు వరండాలో అప్పటికే ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. ఆ సంగతి యాదగిరి నాకు పదిసార్లు చెప్పాడు. సరే, నాలుగుసార్లు.

ఆదివారం పొద్దున నేనొక పని చేశాను. మా దగ్గర డమ్మీ తూటాలుండేవి. చూడ్డానికి అచ్చం తూటాయే, లోపల మందు ఉండదు. పేలదు, గొట్టంలో కూర్చుంటుంది, అంతే. ఒక డమ్మీని కుడి చాంబర్లో పెట్టి బందూకు మూశాను. గొట్టాలు పెరటిగోడకు పేర్చిన ఇసుక బస్తాల వైపు తిప్పి, అందరి ముందూ మీర్జా సాబ్ చేతికిచ్చాను. పెరట్లో ఆ వేళ మూడొందల మంది ఉన్నారు. మీరు పదిహేను అనుకోండి.

"ఖాళీ ఉంది, ఉస్తాద్."

యాదగిరిని పరీక్షించాలని నా ఉద్దేశం. ఉస్తాద్ తప్పకుండా తెరిచి చూస్తారు, అప్పుడు కన్నుగీటి ఆ డమ్మీని అలాగే ఉంచమందాం అనుకున్నాను. ఆయన రెండు చేతులా అందుకున్నారు. తల కొంచెం వంచి, "మీరు చెప్పినంక ఇంకేంది, జనాబ్," అన్నారు. తెరవలేదు!

ఆయన యాదగిరి వైపు తిరిగారు. "పట్టు బేటా. ఖాళీ ఉంది."

యాదగిరి అందుకున్నాడు. గొట్టం బస్తాల వైపే ఉంది. వేలు ట్రిగ్గర్ బయటే ఉంది. బొటనవేలు మీట దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. అతను మీర్జా సాబ్ మొహం చూశాడు, వేలు వెనక్కి తీసుకున్నాడు.

"యాదగిరన్నా, ఖాళీనేనా అది?" అన్నాను.

"ఖాళీనే, మిస్త్రీ సార్."

"ఎట్ల ఎర్క?"

"ఉస్తాద్ చెప్పిండు గద."

"మూడో మాట ఏంది?"

గడగడా అప్పజెప్పాడు. ఎవడు ఖాళీ అన్నా నమ్మొద్దు, నీ కండ్లతోని నువ్వు చూడు.

"మరి చూడవైతివి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఎట్ల చూస్త సార్? గంత పెద్దమనిషి ఖాళీ అన్నంక, ఆయన ముంగట్నే తెరిచి చూస్తె, నువ్వు అబద్ధాలకోరువు అన్నట్టు గాదా? మీ బాపు ఇట్లనే నేర్పిండా అంటరు."

షావుకారు "మా మామ" అని ఎందుకన్నాడో అప్పుడు నాకు అర్థమైంది.

"తెరువు," అన్నాను.

తెరిచాడు. వేలితో లాగబోతే డమ్మీ జారి బండ మీద ఠంగుమని పడింది. అంత చిన్న ఇత్తడి ముక్కకు చార్మినార్ గడియారం అదిరిందని చెప్పాలని ఉంది కానీ, నిజానికి ఎవరూ ఊపిరి తీయలేదు కాబట్టి అది అంత గట్టిగా వినిపించింది. యాదగిరి డమ్మీ వైపు కాదు, వీధి తలుపు వైపు చూశాడు, వరండాలో కూర్చున్నవాడు అక్కడే నిలబడి ఉన్నట్టు.

గడపలో నిలబడి చూస్తున్న సులేమాన్ భాయ్ ముందుకు వచ్చాడు. "ఫెయిల్ రాయి, మిస్త్రీ. నాకూ బాల్‌బచ్చాలున్నరు, యాదగిరీ, ఏమనుకోకు."

"ఠైరో, ఆగు," అన్నారు మీర్జా సాబ్. ఆయన మొహం సున్నంలా పాలిపోయింది. కర్ర ఆనించుకుంటూ వచ్చి, నేర్చుకునేవాళ్ల బల్ల మీద, యాదగిరి పక్కన కూర్చున్నారు. "పహలే నన్ను ఫెయిల్ చెయ్యి. నేను గూడ తెర్వలే. మిస్త్రీ మనసుకు బుర అనిపిస్తదని." యాదగిరి వైపు తిరిగి, "నా సబక్ల ఖరాబ్ ఏమున్నదిర, బేటా?" అని అడిగారు.

"ఖరాబేం లేదు ఉస్తాద్," అన్నాడు యాదగిరి. "మీరు మస్తుగ చెప్తరు. గందుకే మీరేమన్న నిజమే అనిపిస్తది."

నెలల తరబడి వెనక బల్ల మీద కూర్చుని నాకు దొరకనిది అతను ఒక్క ముక్కలో చెప్పాడు. ఉస్తాద్ ఎంత బాగా చెబితే ఆయన మీద అంత నమ్మకం కుదురుతుంది. నమ్మకం కుదిరినకొద్దీ మూడో మాట పనిచేయదు.

మీర్జా సాబ్ మీసం కొస నోట్లో పెట్టుకుని నమిలారు. ఆయన అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. "మనోళ్లకు అదబ్, పెద్దలంటె మర్యాద, జాస్తి," అన్నారు చివరికి. "పెద్దోల్ల మాట కాదంటె నాలిక మొద్దువడ్తది. అదబ్ తీసెయ్యిర్రి అంటె ఎవడింటడు? దానికి గూడ ఒక పని ఇద్దం. సునో సబ్! ఇయ్యాల్టిసంది ఎవల చేతికి బందూకు వచ్చినా, ఫస్టు 'గుస్తాఖీ మాఫ్' అనాలె. నా మోటుతనం మన్నించుర్రి అని. అని, తెర్వాలె. ఇచ్చినోడు 'జీతే రహో' అని దీవించాలె. ఆ మాట అననోని చేతికి నేను బందూకు ఇడ్వ."

లేచి బందూకు తీసుకుని, మాకు వీపు తిప్పి ఒక్క క్షణం నిలబడ్డారు. తిరిగారు. మీసం మళ్లీ నిటారుగా ఉంది. "మిస్త్రీ, ఇంకోపారి రాసుకో ఇమ్తిహాన్, పరీక్ష." మేకలు వరస కట్టే గొంతుతో యాదగిరి మీద ఉరిమారు. "పట్టు! ఖాళీ ఉంది! నీ పుట్టుకకు ముందుసంది బందూకు పట్టిన చెయ్యి ఇది. నేను చెప్తున్న, ఖాళీ!"

యాదగిరి నుదుటి చెమట పెరట్లో మడుగు కట్టింది. వేలు మీట దగ్గర ఆగింది. ఆయన కళ్లలోకి చూడలేక నేల చూశాడు. సులేమాన్ భాయ్ మొహం తిప్పుకున్నాడు.

"గుస్తాఖీ మాఫ్, ఉస్తాద్," అన్నాడు యాదగిరి, సగం ఏడుపుతో. మీట నెట్టాడు.

ఠంగ్! రెండో డమ్మీ! వీపు తిప్పినప్పుడు మీర్జా సాబ్ షేర్వాణీ చేతిలోంచి లోపలికి జార్చారు. పెరడంతా చప్పట్లు, ఈలలు. "జీతే రహో!" అని ఆయన యాదగిరిని కావలించుకున్నారు. నేను సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఛత్రినాక బ్యాంకులో మేనేజరు బందూకిస్తూ ఖాళీయేనని చెబితే, "గుస్తాఖీ మాఫ్, సాబ్" అని యాదగిరి తెరిచాడట. మేనేజరు మొదట మొహం చిట్లించి, ఆ తర్వాత తనూ నేర్చుకున్నాడట. మా క్లాసులో ఆ మాట అలాగే నిలిచిపోయింది. నేనూ తూకం మార్చాను. వచ్చినవాళ్లు పాఠం ఎంత బాగా ఒప్పజెబుతున్నారో వినడం మానేశాను. గురువు ఎదురుగా నిలబడి ఖాళీ అన్నప్పుడు వాళ్ల బొటనవేలు ఎటు పోతుందో చూడటం మొదలుపెట్టాను. సలహా మంచిదో కాదో తేలేది అక్కడే. చెప్పినవాడి మీద కూడా వాడగలిగితేనే అది సలహా.

ఇక నేను కల్పించిన ముక్క. ఆ రెండో డమ్మీ.

మీర్జా సాబ్ షేర్వాణీ చేతిలో ఆయన చెయ్యి తప్ప ఇంకేమీ లేదు. వీపు తిప్పి నిలబడింది కళ్లు తుడుచుకోవడానికి. యాదగిరి తెరిచిన బందూకు నిజంగానే ఖాళీ. ఠంగుమనలేదు, చప్పట్లు లేవు, ఈలలు లేవు. చప్పుడు లేనిచోట కథ నడపడం నాకు రాక ఇన్నేళ్లూ అక్కడ ఇత్తడి మోగిస్తున్నాను. జరిగింది ఇంతే. యాదగిరి ఒంగి రెండు గొట్టాల్లోంచీ చూశాడు. అవతల ఇసుక, దాని మీద కొంచెం ఎండ.

"ఖాళీనే ఉన్నది, ఉస్తాద్," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"అయితే తెరిచింది ఫుకట్‌కా?"

యాదగిరి ఆలోచించాడు. "లేదు, ఉస్తాద్. ఇందాక దాంక మీకొక్కరికే ఎర్క. ఇప్పుడు నాకెర్క."

నేను సంతకం పెట్టింది ఆ మాటకు.