పసుపు టిక్కు పెట్టిన లైటు

డైనమో లోపలి తీగచుట్ట మాడితే ఒక వాసన వస్తుంది. తియ్యగా మొదలై గొంతులోకి చేదుగా దిగుతుంది. ఈ ఉదయం నందిగామలో నా షాపు షట్టరు ఎత్తగానే ఆ వాసన ముక్కుకి తగిలింది. బల్ల మీద మాడడానికి ఏమీ లేదు. స్విచ్చులన్నీ నిన్న సాయంత్రం నేను ఆపినట్టే ఉన్నాయి. ఆ వాసన వచ్చినప్పుడల్లా నా చూపు గోడకున్న పాత లారీ వెనక లైటు మీదికి పోతుంది, నాకు పని నేర్పిన ఏసుపాదంగారు గుర్తొస్తారు.

చిల్లకల్లులో హైవే అంచున ఆయనకి, ఎప్పుడూ ఆ వాసనే నిండి ఉండే ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. తొంభై ఏడులో డిప్లొమా కాగితం పట్టుకుని అక్కడ పనికి చేరాను. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఆడపిల్ల లారీ లైట్లు వెలిగించడమేమిటని మా పిన్ని నెల రోజులు నవ్వింది. ఆయన మాత్రం నా వేళ్ల వంక చూసి, "సన్న తీగలు పట్టుకోడానికి బానే ఉంటయ్, రేపట్నుంచి రా అమ్మాయ్" అన్నారు. నాకు అప్పగించింది టెస్ట్ బెంచి. ఒక ఇనప బల్ల, దాని మీద మోటారు, బెల్టు, రెండు మీటర్లు. బండిలోంచి విప్పి తెచ్చిన సామాను ఏదైనా దానికి బిగించి నడిపిస్తే, బండి లేకుండానే దాని మంచీచెడ్డా తెలిసిపోతుంది.

ఆయనకొక పద్ధతి ఉండేది. ప్రమాదం జరిగిన బండి సామాను వస్తే, పోయినవాళ్ల పేరు తెలుసుకోకుండా బల్ల ఎక్కించేవారు కాదు. చేరిన కొత్తలో ఒక లారీ డైనమో వచ్చింది. "ఎవరు పోయారు? పేరేంటి?" అని అడిగి, పోయింది ఆ లారీ క్లీనరని తెలుసుకుని, దాని మీద అరచెయ్యి ఆనించి అతని పేరు మెల్లగా పలికి, అప్పుడు స్విచ్చి వేశారు. డైనమో సన్నగా మూలుగుతూ తిరగసాగింది. నాకు ఒళ్లు జలదరించింది. దాన్ని కప్పిపుచ్చుకోడానికి, "ఇదేం చాదస్తమండీ?" అన్నాను. "అతను ఆఖర్న విన్న చప్పుడు ఇదేనమ్మాయ్. ఇప్పుడు మనం వినబోతున్నాం. అడక్కుండా వింటే ఎట్టా?" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నేను ఆ బల్ల దగ్గర ఒంటరిగా నిలబడలేకపోయాను.

రెండో పద్ధతి లైట్లకి సంబంధించింది. లైటు వెలిగితే చాలదు. వెలుగుతుండగా సుత్తి చెక్కపిడితో దాని వెనక మూడు దెబ్బలు తట్టాలి. ఆరకపోతేనే పసుపు పెయింటుతో టిక్కు పెట్టాలి. ఒక గురువారం సాయంత్రం కోటయ్య అనే డ్రైవరు తన లారీ వెనక లైటు తెచ్చాడు. బల్లకి పెట్టగానే ధగధగా వెలిగింది. అదే సమయానికి రోడ్డు మీద మా జగ్గయ్యపేట బస్సు హారను మోగింది. నాకు ముందునుంచీ నిదానం తక్కువ. టిక్కు పెట్టి, లైటు అతని చేతిలో పెట్టి పరుగెత్తాను. మూడు దెబ్బలు, మూడు క్షణాలు. అంతకంటే పట్టేది కాదు.

పది రోజులకి లారీ ఓనరు మనిషి అదే లైటుని గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు. మునిమాపువేళ పరిటాల దగ్గర టైరు పంచరై కోటయ్య లారీని పక్కకి ఆపాడట. వెనక నుంచి బైకు మీద వచ్చిన శ్రీను అనే కుర్రాడు చీకట్లో లారీని గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు. లైటు వేశాననీ, దిగి చూశాననీ కోటయ్య ఒట్లు పెడుతున్నాడట. నమ్మేవాళ్లు లేక పోలీసు స్టేషన్లో కూర్చున్నాడు.

పట్టపగలు, మిట్టమధ్యాహ్నం. ఏసుపాదంగారు లైటుని బల్లకి బిగించి, "శ్రీనూ" అని పిలిచి స్విచ్చి వేశారు. వెలిగింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన దాని వెనకున్న పసుపు టిక్కుని చూసి, "కొట్టి చూసావా అమ్మాయ్?" అని అడిగారు.

"చూసానండీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చీ రాకముందే బయట సిమెంటు లారీ ఒకటి పోయింది. షాపులో రేకులు గలగలలాడాయి. లైటు ఆరిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. లారీ వెళ్లిపోయింది, రేకులు సద్దుమణిగాయి, లైటు మాత్రం అలాగే చీకటిగా ఉంది. ఇంకో లారీ పోయాక దానంతటదే మళ్లీ వెలిగింది. లోపల బల్బుని పట్టుకునే స్ప్రింగు వదులైంది, అంతే. పరిటాల దగ్గర కూడా కోటయ్య దిగి చూశాక, పక్కనుంచి పోయిన ఏ లారీ అదురుకో ఇలాగే ఆరి ఉంటుంది. "కోటయ్య అబద్ధం చెప్పలా" అని మాత్రం అన్నారాయన.

ఆ సాయంత్రమే లైటు తీసుకుని స్టేషన్‌కి వెళ్లి, దాన్ని చూసి ఇచ్చింది తనేనని చెప్పి అక్కడ అప్పగించారు. నా పేరు ఎత్తలేదు. కోటయ్య బయటికొచ్చాడు. లారీలవాళ్లు చాలాకాలం మా షాపు గడప తొక్కలేదు. కేసు ముగిశాక ఆయన ఆ లైటు అడిగి తెచ్చుకుని, నా బల్లకి ఎదురుగా గోడకి బిగించి, బ్యాటరీకి కలిపారు. ఇక రోజంతా లారీలు పోవడం, అది ఆరడం, వెలగడం. నేను తల దించుకుని పని చేసుకునేదాన్ని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఒకసారి నేనే అడిగాను, "దాని స్ప్రింగు బిగించెయ్యనా అండీ?" అని. "నీకేమన్నా అడ్డమా?" అన్నారు. "లేదండీ" అన్నాను. అది నా రెండో అబద్ధం.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు షాపు పోయింది. అప్పటికే ఆయన మంచాన పడ్డారు. కబురు చేస్తే వెళ్లాను. దిండు పక్కనుంచి పేపర్లో చుట్టిన లైటు తీసి, "ఇది నీ దగ్గరుండాలి" అన్నారు. చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్పకుండానే పేపరు మడతలు సర్దాను. "తొందరేం లేదమ్మాయ్" అని కళ్లు మూసుకున్నారు. నెల తిరక్కుండానే పోయారు.

ఆయన పోయిన రెండేళ్లకి పరిటాల వెళ్లాను. అంతకు ముందు వెళ్లని నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. శ్రీను తల్లి అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. నిలబడే చెప్పాను. "మీవాడు గుద్దుకున్న లారీ లైటు చూసి ఇచ్చింది ఏసుపాదంగారు కాదండీ, నేను. సరిగా చూళ్లేదు."

ఆమె తొడిమలు తీయడం ఆపలేదు. "ఆయన ఏటా వచ్చేవాడు. నేనే చూసా, తప్పు నాదేనని చెప్పి, నువ్వు నిలబడ్డ చోటే కాసేపు కూర్చుని పోయేవాడు. ఆఖరిసారి వచ్చినప్పుడు మాత్రం, 'నా తర్వాత ఒకమ్మాయి వస్తది, నేను చెప్పిందే చెప్తది. ఆమె మాట నమ్ము, తిట్టబాక' అన్నాడు." అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఇంతాలస్యమైందేందమ్మా?"

ఆ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని తొడిమలు తీశాను. చేతులు మండాయి.

ఇప్పుడు నా షాపు ఉన్న సందులోకి లారీలు రావు. అయినా, ఆయనలాగే బ్యాటరీకి కలిపి గోడకి పెట్టిన ఆ లైటు అప్పుడప్పుడూ ఆరిపోతుంది. స్ప్రింగు బిగిస్తే నిమిషం పని, నేను బిగించను. అది ఆరినప్పుడు చేతిలో ఉన్నది కింద పెట్టి, "శ్రీనూ" అంటాను. మళ్లీ వెలిగేదాకా ఆగి, అప్పుడు సుత్తి తీసుకుని, బల్ల మీదున్న లైటు వెనక మూడు దెబ్బలు తడతాను.