ఆదివారం తిల్లి

తిల్లిని మీరెప్పుడైనా పచ్చిగా చేత్తో పట్టుకున్నారా? లేకపోతే అదృష్టవంతులు. మేక పొట్టలో ఎడమపక్కన ఉంటుంది. జానెడు కూడా ఉండదు, ఊదారంగు, తడి జలగలా అరచేతికి అంటుకుని విదిలించినా పోదు. పెనం మీద వేస్తే వానలో నానిన గడ్డపార వాసన కొడుతుంది. నెత్తురు తక్కువైన మనిషికి దాన్ని మించిన మందు లేదని మా గద్వాలలో నమ్మకం. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం పొద్దున్నే మటన్ దుకాణం ముందు నిలబడి, మోదుగాకులో కట్టించుకుని తెచ్చింది నేనే. ఇప్పుడు ఆ దుకాణం వైపు పోవాల్సి వస్తే వెనక సందులోంచి చుట్టు తిరిగి పోతాను. మేక మీద కోపమేమీ లేదు. పాపం, అదేం చేసింది.

తిల్లి మా అక్క కూతురి కోసం. వాళ్లది వనపర్తి. పిల్ల ఒంట్లో నెత్తురు సరిగా తయారు కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు. నెలనెలా పరాయి నెత్తురు ఎక్కించకపోతే వాడిపోతుంది. కర్నూలు దవాఖానకు మా ఊరినుంచి రైలుంది కాబట్టి అక్క పిల్లను తీసుకుని మా ఇంటికే వచ్చేసింది. బావ వనపర్తిలో పని చూసుకుంటూ వచ్చిపోతుండేవాడు. ఇంట్లో అమ్మ, నేను, రెండు మగ్గాలు. పిల్లకు అప్పుడు ఐదేళ్లు. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాణ్ణి. నేనంటే పిల్లకు ప్రాణం. ఇంట్లో తనకంటే తక్కువ తెలివి ఉన్నది నాకొక్కడికేనని కనిపెట్టింది.

"మందు డాక్టరుది, తిండి మనది" అనేది అమ్మ. అందుకే తిండి సంగతి దవాఖానలో ఎవరూ అడగలేదు. అన్నం తినడానికి కూడా చీటీ రాయించుకుంటామా?

ఇక చూడటానికి వచ్చే చుట్టాలు. రావడం రావడమే పిల్ల కింది రెప్పను బొటనవేలితో కిందికి గుంజి, లోపల తెల్లగా ఉందా ఎర్రగా ఉందా అని చూసేవాళ్లు, సంతలో కోడెదూడ పళ్లు చూసినట్టు. ఒకాయన వేలికి సున్నం, పొగాకు అంటుకునే ఉన్నాయి. పిల్ల కన్ను రెండు రోజులు వాచింది. పైగా సలహాలు. అచ్చంపేట నుంచి వచ్చినామె ఇనుము టానిక్ సీసా తెచ్చింది. అది తాగితే పళ్లు నల్లబడేవి. అలంపూరు ముసలామె చెప్పిందని అమ్మ రోజూ ఒక మేకు ఎర్రగా కాల్చి, చుయ్యిమనేలా మజ్జిగలో ముంచి, ఆ మజ్జిగ తాగించేది. అడుగున నల్లటి పొట్టు పేరుకునేది. అదీ తాగాలి. బెల్లం ఉండలు, మేక నెత్తురు గడ్డకట్టించి వేపిన నల్ల, ఆదివారం తిల్లి. ఆ ఐదేళ్ల పొట్టలో మేము ఇనుప సామాన్ల దుకాణం తెరిచాము.

తిల్లి చూస్తే పిల్ల పళ్లు బిగించేది. అక్క బతిమాలేది, అమ్మ కసిరేది, లాభం లేదు. అప్పుడు నన్ను పిలిచేవాళ్లు.

"కోడలా, ఇది మేకది కాదే" అనేవాణ్ణి. "మన ఎదురింటి తాత నాలుక. గడియకోసారి వచ్చి నీ కన్ను గుంజుతుండని రాత్రి పోయి కోసుకొచ్చిన. నువ్వు నమిలి మింగితే ఇగ మాట్లాడడు."

పిల్ల పకపకా నవ్వేది. నవ్వితే నోరు తెరుచుకుంటుంది కదా, అదే అదను, ముక్క లోపల. మింగేదాకా నా అరచెయ్యి ఆమె నోటి మీద. కొన్నాళ్లకు తెలివిమీరి, పెదాలు మూసుకుని ముక్కుతో నవ్వడం నేర్చింది. నేను ఇంకా నవ్వించాల్సి వచ్చేది. ఒక్కోసారి మొత్తం నా చొక్కా మీదే కక్కేది. ఆ వాసన మగ్గం మీది పట్టు అంచుకు అంటుతుందేమోనని ఉతుక్కుని, మళ్లీ ఇంకో ముక్క తీసుకునేవాణ్ణి. ఇంటిల్లిపాదీ నన్ను మెచ్చుకున్నారు. "వీడు లేకుంటే పిల్ల ఏమైపోతుండె" అనేది అమ్మ.

ఒక నెల అక్కకు జ్వరం వచ్చి, కర్నూలుకు పిల్లతో నేను పోయాను. నెత్తురు సీసా వేలాడదీశాక డాక్టరమ్మ వచ్చి, పిల్ల పొట్ట ఎడమపక్క వేళ్లతో నొక్కి, పెన్నుతో గీత గీసింది.

"పోయినసారి కంటే రెండు వేళ్లు పెరిగింది" అంది.

"ఏంది మేడం అది?"

"ప్లీహం. మీ వైపు తిల్లి అంటారు." తర్వాత అడిగింది, "పిల్లకు ఏం తినిపిస్తున్నారు?"

నేను ఛాతీ విరుచుకుని మొత్తం అప్పజెప్పాను. టానిక్, మేకు మజ్జిగ, నల్ల, తిల్లి. ఆమె రాయడం ఆపేసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

పిల్ల పడుకునే అందుకుంది. "మామ నవ్విస్తడు. నేను నోరు తెరుస్త. అప్పుడు పెడ్తడు."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పింది. ఈ జబ్బులో ఇనుము తక్కువ కాదట. ఎక్కించే ప్రతి సీసాతో అది ఒంట్లో చేరుతుందట, బయటికి పోయే దారి లేదట. కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది, ఏదో ఒకనాడు గుండె ఓర్చుకోలేదు. దాన్ని బయటికి తీసే ఇంజక్షన్ ఉందిగానీ మనకు అందేది కాదు. "ముందు మీరు పైనుంచి పోయడం ఆపండి. అన్నంతోపాటు ఇంత టీ ఇవ్వండి, ఇనుమును ఒంటికి అంతగా పట్టనివ్వదు."

పిల్ల పొట్ట మీద ఆ గీత చూశాను. ఆదివారం ఆదివారం నేను కట్టించుకు తెచ్చినవన్నీ దానికింద ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నట్టు అనిపించింది. అడిగితే, అది పెరగడం జబ్బువల్లేనని, తిండివల్ల కాదని డాక్టరమ్మ అంది. మంచామె. తిరుగు రైల్లో నా కుడి అరచెయ్యి నాకే రోతగా ఉండి, దాన్ని తొడకింద పెట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో చెప్పగానే అక్క టానిక్ సీసా బయట పారబోసింది. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"ఇనుమంట! పిల్ల ఏమన్న రైలు పట్టానారా? నెత్తురు లేని పిల్లకు నెత్తురు వద్దంటదా ఆమె? చాయ్ పొయ్యాల్నంట! చాయ్ తాగితె నెత్తురు ఇరుగుతదని మా అత్త చెప్తుండె."

"మీ అత్త డాక్టరా అమ్మా?"

"పదకొండుమందిని కన్నది."

పిల్ల పదమూడో ఏట పోయిందని ఇక్కడే చెప్పేస్తాను. చివర్లో గుండెకే వచ్చింది, డాక్టరమ్మ చెప్పినట్టే. పరామర్శకు ఉప్పునుంతల నుంచి వచ్చిన చుట్టం ఒకాయన మా ఇంట్లోనే తిని, చెయ్యి కడుక్కుంటూ, "తిల్లి పెట్టకపోయిండ్రు, పెడ్తే నిలబడుతుండె" అన్నాడు. ఆ చేతుల మీద చెంబుతో నీళ్లు పోస్తున్నది నేనే.

కర్నూలు నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం నేను దుకాణానికి పోలేదు. పడుగు సరిచేస్తున్నట్టు మగ్గం ముందు కూర్చున్నాను. కాసేపటికి ఆ గడ్డపార వాసన. అమ్మే పోయి తెచ్చింది. పళ్లెంలో నాలుగు ముక్కలు వేసుకుని పిల్ల ముందు కూర్చుంది.

"వద్దమ్మా" అని అక్క చెయ్యి పట్టుకుంది. అమ్మ విదిలించుకుంది. "నువ్వు ఊకో. నా మనవరాలు. నేను చూస్తూ ఊకుంటనా?" అమ్మ కళ్లలో నీళ్లున్నాయి. ఆమె కూడా పిల్ల బతకాలనే కూర్చుంది. అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది, అంత ప్రేమగా ఆ ముక్క పట్టుకోవడం.

పిల్ల పళ్లు బిగించి, "నవ్వియ్యి. అప్పుడే తింట" అంది.

అమ్మకు నవ్వించడం ఎక్కడ వస్తుంది? మేకలాగా రెండుసార్లు అరిచింది. పిల్ల ఆమెను జాలిగా చూసింది. అమ్మ నా వైపు తిరిగింది. "ఓరి, జర నవ్వియ్యిరా. ఒక్కసారి. నీ కాళ్లు మొక్కుత."

పిల్ల కూడా నా వైపు తిరిగింది. పెదాలు బిగించే ఉన్నాయి, బుగ్గలు మాత్రం అప్పుడే ఉబ్బి సిద్ధంగా ఉన్నాయి. నేను ఏదన్నా చాలు. ఎదురింటి తాత అన్నా చాలు. నాలుక చివరిదాకా ఓ పది పరాచికాలు వచ్చాయి, ఒకదాన్ని మించి ఒకటి. అంత మంచివి నాకు ముందెప్పుడూ తోచలేదు, తర్వాతా తోచలేదు. దారం ముడి విప్పుతున్నట్టు తల వంచుకున్నాను. అమ్మ చెయ్యి చాలాసేపు అట్లాగే గాలిలో ఉంది. ముక్కల మీద కొవ్వు తెల్లగా పేరుకుంది.

చివరికి అమ్మ పళ్లెం తీసుకుని లేచిపోయింది. అక్క గిన్నెలో చాయ్ పోసి తెచ్చింది. పిల్ల ఊదుకుంటూ తాగి, నా పక్కన గుంట అంచు మీద కూర్చుంది.

"ఇయ్యాల నీకు నవ్వియ్య రాలే మామా" అంది.

"రాలేదే" అన్నాను.