పక్కింటి ఆంటీ మోకాలి నొప్పి

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట అనుకుంటాను, అమ్మా నేనూ సింగపూరులో యూ టీ అనే చోట పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో నలభై రోజులు గడప దాటకుండా గడిపాం. మమ్మల్ని ఎవరూ బంధించలేదు. తాళంచెవి తలుపు పక్కన మేకుకు వేలాడుతూనే ఉండేది.

అది కంప్యూటర్ చదివినవాళ్ళకు రెక్కలొచ్చిన కాలం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని, వాటిని సరిచేయడానికి మా నాన్నలాంటివాళ్ళను విమానాలెక్కించి మరీ రప్పించుకుంటున్నారు. మమ్మల్ని ఒంగోలు నుంచి తీసుకొచ్చి ఫ్లాట్‌లో దింపిన పూటే ఆయన ఆఫీసుకు పరుగెత్తాడు. ఆ తర్వాత మాకు కనబడింది ఆదివారాలే, అదీ నిద్రపోతూ.

వెళ్తూ వెళ్తూ అమ్మకు ఒక మాట చెప్పాడు. ఈ దేశంలో ప్రతిదానికీ జరిమానా వేస్తారని, ఇక్కడ ఉండటానికిచ్చే మన కార్డులు ఇంకా చేతికి రాలేదు కాబట్టి కాస్త జాగ్రత్తగా ఉండమని. ఆయన అన్నది కాస్తే. ఊళ్ళో చుట్టాలు చెప్పి పంపిన భయాలన్నీ దానికి తోడై, అమ్మ మనసులో అది కొండంత అయింది. కిటికీ బయట ఆరేసుకునే వెదురుగడలున్నా, నీళ్ళచుక్క కింది వాళ్ళ మీద పడితే ఫైనేస్తారని బట్టలు ఇంట్లోనే ఫ్యాను కింద ఆరేసేది. ఘాటు పక్కింటికి పోతుందని పోపులో ఎండుమిర్చి మానేసింది. చప్పుడవుతుందని నన్ను మునివేళ్ళ మీద నడిపించేది. సరుకులు నాన్నే ఏ అర్ధరాత్రో ఆఫీసు నుంచి వస్తూ తెచ్చేవాడు. ఇల్లంతా ఆరని బట్టల వాసన.

నాకింకా స్కూల్లో సీటు దొరకలేదు. రోజంతా ఇనుప చువ్వల గేటు పట్టుకుని వరండాలోకి చూస్తూ నిలబడేదాన్ని. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద ఇసుకలో ఆడుకునే పిల్లల తలలు కనబడేవి. ఏడుపొచ్చేది. అంతకన్నా అమ్మను చూస్తే భయమేసేది. మధ్యాహ్నాలు గోడకు ఆనుకుని కళ్ళు తెరుచుకునే కూర్చునేది, పిలిస్తే పలికేది కాదు. ఒక ఆదివారం నాన్నను నిద్రలేపి, నెలాఖరుకు టికెట్లు తీయమంది, నన్ను తీసుకుని వెళ్ళిపోతానని. నాన్న తల వంచుకుని సరే అన్నాడు. వెళ్తే నాన్న ఉండడు, ఉంటే అమ్మ ఏమైపోతుందో తెలియదు. దేవుడి పటం ముందు కూర్చుని కూడా ఏది కోరుకోవాలో నాకు తెలిసేది కాదు.

పక్కింటి ఆంటీ అక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. తాతల కాలంలో వచ్చిన కుటుంబం. ఆవిడ తెలుగులో నొప్పి ‘వలి’, చాలా అంటే ‘రొంబ’, బజారు ‘పసార్’, మాట చివర ఊరికే ఒక ‘లా’. గేటు దగ్గర నన్ను రోజూ చూసి చూసి ఒకనాడు ఆగింది.

“ఏం బుజ్జీ, అమ్మ ఎప్పుడూ బయటికి రాదు, ఎందుకు?”

“బయటికొస్తే ఫైనేస్తారంట ఆంటీ.”

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గేటు చువ్వల మీద చెయ్యి వేసి, లోపల గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మను చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున సంచీ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. “అమ్మాయీ, మోకాలు రొంబ వలి. పసార్‌కి పోవాలి, సంచీ మొయ్యలేను లా. కొంచెం తోడు వస్తావా?”

అమ్మ తాళంచెవి వైపు చూసింది. తన కోసమైతే కదిలేది కాదు. నేను కాళ్ళావేళ్ళా పడినప్పుడు కూడా కదల్లేదు. కానీ ఒక పెద్దావిడ గుమ్మంలోకొచ్చి సాయం అడిగితే కాదనడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని బయల్దేరింది.

రోడ్డు దగ్గర పచ్చదీపం వెలిగినా దాటడానికి జంకింది. బజార్లో ఆంటీ, కళ్ళజోడు మరిచిపోయానని, అడగడాలూ ఏరడాలూ అన్నీ అమ్మ చేతే చేయించింది. అమ్మ వంకాయలు వేలితో చూపిస్తే, కొట్లో చైనా ముసలాయన నవ్వి గుప్పెడు కరివేపాకు ఊరికే వేశాడు. మర్నాడూ వెళ్ళాం, ఆ మర్నాడూ వెళ్ళాం.

నాలుగో రోజు బ్లాకు కింద సిమెంటు బల్ల మీద ఆంటీ కూలబడింది. ఇక అడుగు పడదంది. మందుల షాపులో తైలం తెచ్చిపెట్టమంది. అమ్మ ఫైనూ గీనూ మరిచిపోయి, నా రెక్క పట్టుకుని పరుగు తీసింది. ఎదురైనవాళ్ళందరినీ వచ్చీరాని ఇంగ్లీషులో దారి అడిగింది. రోడ్డు దాటాక నేనెందుకో వెనక్కి తిరిగాను. ఆంటీ గబగబా నడిచి రోడ్డు అంచుదాకా వచ్చి, నిటారుగా నిలబడి మమ్మల్నే చూస్తోంది. తను నా కంటపడిందని తెలిసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

మేం తిరిగొచ్చేసరికి మళ్ళీ బల్ల మీద కూర్చుని మూలుగుతోంది. అమ్మ నేల మీద కూర్చుని తైలం రాసింది. నిన్నటిదాకా నొప్పి పెట్టింది కుడి మోకాలు, ఆవేళ ఆంటీ ముందుకు చాపింది ఎడమది. నేను నవ్వు ఆపుకోలేక స్తంభం చాటుకు పోయాను.

ఆ ఆదివారం నాన్న టికెట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అమ్మ వాటిని ముట్టుకోలేదు.

“ఇప్పుడెట్టా పోతానండీ? ఆంటీగారికి అడుగు పడటంలేదు. ఆమెను బజారుకి ఎవరు తీసుకుపోతారు?”

నాన్న అయోమయంగా నా వైపు చూశాడు. నేను నోరు విప్పలేదు. ఆ సాయంత్రం ఆయన నిద్ర మానుకుని మాతో కిందికి వచ్చాడు, నేను ఇసుకలో దొర్లి దొర్లి ఆడాను. మేం ఇక్కడే ఉండిపోయాం. ఆంటీ మోకాలు ఆ తర్వాత పదహారేళ్ళు నొప్పి పెట్టింది.

ఇప్పుడు నన్నే అందరూ ఆంటీ అంటున్నారు. దిగులుగా ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. వాళ్ళ తలుపు తట్టి ఏదో ఒక పని చేసిపెట్టమంటాను. పోయిన వారం ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి, రోజుల తరబడి తలుపు తీయని పిల్ల, సూదిలో దారం ఎక్కించడానికి మా ఇంటికొచ్చింది. ఎక్కించి ఇచ్చి, గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పి, కళ్ళు జాగ్రత్త ఆంటీ, రేపు మళ్ళీ వస్తానంది. నా కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి.