పెనుకొండ వాలులో నా ఉలవ సేద్యం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు చాలా తక్కువగా ఉండేవి. ఇంజనీరింగు కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ ఇరవై మూడేళ్లవాణ్ణి, మట్టి గురించి ఒక లావుపాటి పుస్తకం మొత్తం చదివినవాణ్ణి (చివరి రెండు అధ్యాయాలు తప్ప. అవి పరీక్షలో రావని సీనియర్లు అభయమిచ్చారు. వానకు మట్టి కోసుకుపోవడం గురించి రాసింది సరిగ్గా ఆ రెంటిలోనే). యాభయ్యో దశకం చివర్లో, పెనుకొండ కొండవాలున కడుతున్న ఒక హాస్టలు పనికి నన్ను సూపర్‌వైజరుగా వేసినప్పుడు, ఆ కొండ ఏ జన్మలో ఏం పుణ్యం చేసుకుందో అనుకున్నాను.

స్థలం చదును చేయడానికి పైన తవ్విన ఎర్రమట్టినంతా కిందివైపు పోసి ఉంచాం. అరుగులా వెడల్పుగా ఉండేది గానీ, కాలు పెడితే మడమ దాకా దిగబడేది. దానికి కూతవేటు దిగువన ఒక బావి. ఆ వీధికంతా తియ్యటి నీళ్లున్న బావి అదొక్కటే. మిగతావాటి నీళ్లు పప్పు ఉడకడానికి కూడా ఒప్పుకునేవి కావు. బావి పక్కింటి అవ్వ దానికి సొంతదారు కాదు గానీ, ఆ మాట ఆమెతో అనే ధైర్యం ఎవరికీ లేదు. నేను పనిలో చేరిన రెండో రోజే సైటు మీదికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, ఇంజినీరంటే నువ్వేనా? దీపావళి దాటితే ఈడ తుపాను ముసురు పట్టుకుంటాది. ఈ మన్నంతా మా బాయిలోకి దిగితే వీదోళ్లు ఏం తాగల్ల?"

"నేనున్నాను కదవ్వా" అన్నాను.

"అందుకే అడిగేది" అంది.

ఆ సాయంత్రమే పుస్తకంలో వదిలేసిన అధ్యాయాలు తెరిచాను. మట్టి కదలకుండా పచ్చగడ్డి నాటమని ఉంది. రాసినాయన ఏ దేశస్థుడో గానీ మా వైపు మనిషి కాదు. మా ప్రాంతంలో పచ్చగడ్డి ఎక్కడైనా కనిపిస్తే, అక్కడికి ఇంజనీరు కంటే ముందు ఆవు చేరుతుంది. హిందూపురం దాకా వెతికించి, దొరక్క, చివరికి నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది: ఉలవలు! మంచుకే పెరుగుతాయి, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. మా మేస్త్రి తాటిచెట్టంత పొడుగు, ఆ ఎత్తునుంచి నన్ను జాలిగా చూసి, "సారూ, ఉలవలు సేన్లో సల్లేది. హాస్టలుకు సల్లేది నేను యాడా సూడల్యా" అన్నాడు. చల్లించాను. మొలిచాయి. ఇక్కడొకటి, అక్కడొకటి, ఒకదానితో ఒకటి మాటల్లేనట్టు మొలిచాయి. అయినా రోజూ పొద్దున్నే టీ గ్లాసుతో వాటి మధ్య తిరిగేవాణ్ణి. ఉండబట్టలేక అమరాపురంలో ఉన్న మా నాయనకు ఉత్తరం కూడా రాశాను. "సేద్యం వద్దనే గదా నిన్ను చదివించింది" అని ఒకే వాక్యంతో జవాబు వచ్చింది.

అంతలో సిమెంటు వ్యాగను కోసం ధర్మవరం వెళ్లాల్సి వచ్చింది. వ్యాగను మూడు రోజులు ఆలస్యం. నాలుగో రోజు పాసింజరు దిగి వస్తూంటే తూర్పున మబ్బు నల్లగా పేరుకుంది, చలిగాలి చెవులు కోస్తోంది. స్టేషను నుంచి నేరుగా వాలు ఎక్కాను. నా ఉలవలు లేవు. వాటి స్థానంలో మూడు వందల గొర్రెలు, వాటి చుట్టూ రేగుకంప దడి, దడి పక్కన గొంగడి కప్పుకుని ఒక పెద్దమనిషి ఉన్నారు.

"ఎవరయ్యా నిన్నిక్కడ మేపమంది?" అని అరిచాను.

"ఎవురు సెప్పల్ల సామీ? పైరు ఎండిపోయి గొర్లకు ఇడిసినారనుకుంటి. మా దిక్కు పంట పోతే అట్లే గదా ఇడిసేది."

"ఎండిపోలేదు! బ్రహ్మాండంగా వస్తోంది!"

"మొదుటి పంటనా సామీ?" అన్నాడు మెత్తగా.

మేస్త్రి మెప్పు కోసం ముందుకు వచ్చాడు. "నేనే ఉండమంటి సారూ. మంద నిలపమని రైతులు కాళ్లు పట్టుకున్యా దొరకదు. మూడు దినాలు పెంట పడింది. మళ్లేటికి మీ ఉలవలు సూడండి, ఎట్లొస్తాయో!"

హాస్టలు మళ్లేటికి కూడా ఉలవచేనుగానే ఉంటుందని అతను ఎందుకనుకున్నాడో అడిగేలోపు మొదటి చినుకు నా ముక్కు మీద పడింది. కింద వీధిలో కేకలు! ఆ కరువు సీమలో వానంటే పెళ్లి ఊరేగింపే. ముసలీముతకా బయటికొచ్చి తడుస్తున్నారు. ఊరంతా ఆకాశానికి దణ్ణం పెడుతూంటే, ఆగమని మొక్కుకుంటున్నది నేనొక్కణ్ణే. అవ్వ మాత్రం కొంగు నెత్తిన వేసుకుని బావి దగ్గర కాపలా నిలబడింది. కొండ మీదినుంచి నీళ్లు ఉరికి వచ్చాయి. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వింత! మూడు రోజులు గిట్టలు తొక్కి తొక్కి ఆ మెత్తని మట్టి గచ్చులా గట్టిపడింది. నీళ్లు దాని మీద జారుతున్నాయే తప్ప కోయడం లేదు. కొట్టుకొచ్చిన కాస్త మన్నూ పెంటా దిగువనున్న కంపకు చిక్కుకుంటున్నాయి, అవతలికి ఒట్టి నీళ్లే పోతున్నాయి. గంతేయబోయాను. అప్పుడు కనిపించింది, గొర్రెలు రావడానికి దడిలో వదిలిన వాకిలి. అందులోంచి ఎర్రటి పాయ ఒకటి తిన్నగా బావికేసి బయలుదేరింది.

"కంప ఏయండి సామీ, కంప!" అని గొర్రెలాయన కేక. మేస్త్రి ఒకవైపు, నేనొకవైపు లాక్కొచ్చి పడేస్తున్నాం. నీళ్లు తోసేస్తున్నాయి. అవ్వ కిందినుంచి రాయి మోసుకుంటూ ఎక్కింది. "కంప మింద రాళ్లు పెట్టప్పా! సూస్తా నిలబడితివే! ఇంజినీరంట ఇంజినీరు!" తడవడానికి వచ్చినవాళ్లంతా రాళ్లందుకున్నారు. నా చొక్కా సగం కంపకే అంటుకుపోయింది, చేతుల నిండా ముళ్లు. ఆ అరగంటలో పుస్తకం ఒక్కసారీ గుర్తు రాలేదు. అంత సంతోషంగా నేను జీవితంలో మళ్లీ ఎప్పుడూ పరిగెత్తలేదు. పాయ సన్నబడింది, నిలిచింది, బావికి నాలుగు బారల ఎడంగా నేలలో ఇంకిపోయింది.

వాన తెరిపిచ్చాక అవ్వ చేద వేసి నీళ్లు తోడింది. వీధి వీధంతా బావి చుట్టూ మూగింది. దోసిట్లో పోసుకుని వెలుతురుకు పట్టి చూసింది, ఒక గుక్క తాగింది, నోట్లోనే కాసేపు ఆలోచించింది.

"గొర్ల వాసన ఇంత తగుల్తాండాది" అంది. "మన్ను మాత్రం ల్యా."

ఈలలు, కేకలు! మేస్త్రి నన్ను ఎత్తుకోబోయి, ముళ్లు చూసి మానుకున్నాడు.

మరుసటి వారం పై అధికారి వచ్చి దడి చూశారు, మట్టిని బూటుతో తన్ని చూశారు, "ఎవరిదోయ్ ఈ ఉపాయం?" అన్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను (తల వంచుకోవడం అబద్ధం కిందికి రాదని అప్పట్లో నా అభిప్రాయం). ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు, చలికాలంలో వాలు మీద ఎక్కడ పునాది తవ్వినా నన్ను పిలిచేవారు. నేను గంభీరంగా గెడ్డం గోక్కుని, ముందొక గొర్రెల మందను పిలిపించేవాణ్ణి.

గొర్రెలాయన పేరు నేను అడగనే లేదు. వాన వెలిసిన మర్నాడే మంద మడకశిర దారి పట్టిందట. అడిగి ఉంటే మాత్రం, రిపోర్టులో ఆ పేరు రాసేంత ధైర్యం ఆ వయసులో నాకు ఉండేదా? ఉండేది కాదు. ఇప్పుడు కావలసినంత ఉంది. నన్ను రిపోర్టు రాయమనేవాళ్లే లేరు.