కాక సెలవులో లేపిన కోటగోడ

మొన్న ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. మొరాకోలో ఏదో పాత ఊరంట, చుట్టూ ఉన్న మట్టిగోడను బాగు చేస్తున్నారు. చెక్కల మధ్య తడిమట్టి పోసి దిమ్మిసతో నింపాదిగా కొడుతున్నారు. మా కాక చూస్తే ఆ ఫోన్‌లోకే దూకేవాడు, అంత నింపాదితనం ఆయనకు గిట్టదు.

గోదావరి దగ్గర మా ఊళ్లో మట్టికోట ఉండేది. ఇంటికి మూడు గోడలు కట్టుకుని నాలుగో గోడకు కోటనే వాడుకున్న తెలివి మావాళ్లది. ఎవరో పెద్దమనిషి దానికి సిమెంటు పూయించాడు. లోపలి చెమ్మ బయటికి రాలేక, ఒక వానాకాలం సరిగ్గా పూసినమేరకే గోడ కూలింది. ఆ పక్కనే చంటిపాపతో కాక భార్య, మా చిన్నమ్మ పడుకునే గది. దుబాయ్‌లో ఉన్న కాకకు కబురు వెళ్లింది. వానలు తగ్గగానే సెలవు పెట్టి వచ్చాడు. గోడ లేపాకే తిరిగి వెళ్తానన్నాడు.

వరిగడ్డి కలిపిన మట్టిని తొక్కి, నానబెట్టి, ఒక వరుస పెట్టాలి. అది ఎండాకే పై వరుస. కాకకు తెలియక కాదు, కాలు నిలవక. టీ తాగి గోడ తాకేవాడు, బీడీ వెలిగించి గోడ తాకేవాడు. చివరికి ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌ను గోడవైపు తిప్పి పెట్టాడు. మేం ఉక్కపోతలో అట్టముక్కలతో విసురుకుంటూ కూర్చున్నాం. పైన ఆరింది కదా అని తొందరపడి ఇంకో వరుస పెట్టేశాడు. తెల్లారేసరికి కింది వరుస ఉబ్బింది. అంతా కొట్టేసి మళ్లీ మొదలు.

"జర ఎండనియ్యి. గా గోడకు నీ పరేషాన్ ఏం తెలుసు?" అంది మా అవ్వ, అంటే మా అమ్మ.

"గోడకు తెల్వది వదినె. సెలవు అయిపోతుంది గదా."

అయిపోయింది కూడా. పై వరుసలు మిగిలుండగానే వెళ్లిపోయాడు. వాటిని అవ్వా చిన్నమ్మా పెట్టారు. రోజూ ఫోను చేసి, పాప ఎలా ఉందని అడగకముందే వరుస ఎండిందా అని అడిగేవాడు. చిన్నమ్మకు ఒళ్లు మండేది.

తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు బ్యాగు దించకుండానే వెనక్కి నడిచాడు. గోడంతా ఒకే రంగులో ఉంది. చేత్తో తడుముతూ ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి, "గిండ్ల నేను పెట్టిన వరుస ఏది వదినె?" అని అడిగాడు. అవ్వ కూడా చెప్పలేకపోయింది. తలుపు పట్టుకుని నిలబడ్డ పాప, ఈ కొత్త మనిషెవరా అన్నట్టు ఆయన్నే చూస్తోంది. గోడ ఎండడానికి కావలసినంత కాలం దొరికింది, కాకకే ఏ సెలవులోనూ దొరకలేదు.